టీకా వలదనువారి హక్కును, ఊరి క్షేమమును
(ఆరోగ్యశాఖ క్షేత్రోద్యోగుల సమావేశమున చదువబడిన ఉపన్యాసము)



నేను వైద్యుడను గాను. వైద్యశాఖవారి ఉత్తరువులను, ప్రకటనలను, ఫారములను తెనిగించుట నా వృత్తి. సూది పట్టు చేతులు మీవి. ఆ సూదికి ముందుగా ఇంటింటికి పోవు కాగితము మాత్రము నా బల్లమీదుగా పోవును. ఆ సంబంధమునుబట్టియే ఈ విషయమున నాలుగు మాటలు చెప్పుటకు సాహసించుచున్నాను.

ఇంగ్లీషు చట్టములలో "చేయవలయును" అను మాటకును, "చేయవచ్చును" అను మాటకును మధ్య గొప్ప భేదము కలదు. తెనుగు ప్రకటనలోనికి వచ్చునప్పటికి ఆ రెండును కలిసిపోయి "టీకాలు వేయబడును" అని యొకే వాక్యముగా మారుట నేను పలుమారులు చూచితిని. ఒకటి రెండు పర్యాయములు నేనే యట్లు వ్రాసితిని. ఆ వాక్యమున వేయువాడును లేడు, వేయించుకొనువాడును లేడు. నాకు వలదని చెప్పగోరువానికి అందులో నిలుచుటకు చోటు లేదు. మన పండితులు టీకా యనగా గ్రంథమునకు వ్రాసిన వ్యాఖ్యానమని యెరుగుదురు. ఆ టీకను ఒప్పుకొనకపోవుటకు ఎవరికిని అభ్యంతరము లేకుండెను. ఈ టీకా విషయమున అంత సులభము కాదు.

తన దేహమునకు చేయబోవు చికిత్సను వలదనుటకు మనుష్యునకు హక్కు కలదా? కలదన్నచో, ఆతడు వలదన్నందువలన పొరుగింటి పసిబిడ్డకు రోగము సోకినయెడల ఆ బిడ్డ హక్కు ఏమైనట్లు? ప్రశ్న యింతే.

ముందుగా ఒక సంగతి స్పష్టపరచుకొనవలెను. రోగములన్నియు ఒక తీరున నుండవు. ధనుర్వాతము మనిషినుండి మనిషికి అంటదు. మట్టిలోని క్రిమి గాయమున ప్రవేశించుటచే కలుగును. వయస్సు వచ్చిన రైతు ధనుర్వాతపు సూదిని వలదన్నచో కష్టము ఆతనిది, ఆతని యింటివారిది, ఊరికి సోకదు. ఆతనికి నచ్చజెప్పుట మన విధి. ఊరిపేరు చెప్పి నిర్బంధించుటకు మాత్రము వీలు లేదు. మశూచికము అట్టిది కాకుండెను. అది ఊపిరి తుంపరలవెంట, రోగి గుడ్డలవెంట ఇల్లిల్లు తిరిగెడిది. సోకినవారిలో నూటికి ముప్పదిమంది వరకు మరణించెడివారు. టీకా వేయించుకొన్నవాడు తాను బ్రతుకుటయే గాక రోగపు దారికి అడ్డుగ నిలిచెడివాడు. తట్టు నేటికిని ఆ జాతిలోనిదే. కోవిడు టీకా ఈ రెంటికిని నడుమ నుండెను. జబ్బు ముదురకుండను, చావు రాకుండను అది బాగుగ కాపాడెను. వైరసు క్రొత్త రూపములు దాల్చిన వెనుక వ్యాప్తిని మాత్రము పూర్తిగ ఆపజాలకపోయెను. కాబట్టి నిర్బంధమును కోరు అధికారి మొదట చెప్పవలసినది, ఈ సూది ఎవరిని కాపాడును, పొడిపించుకొన్నవానినా, పొరుగువానినా యన్నది. చెప్పలేనివాడు నిర్బంధించుటకు అర్హుడు గాడని నా యభిప్రాయము.

ఇక మన దేశపు అనుభవమునకు వత్తము.

1896-వ సంవత్సరము సెప్టెంబరు మాసమున బొంబాయిలో ప్లేగు బయటపడెను. 1897 ఫిబ్రవరిలో అంటురోగముల ఆక్టు పుట్టెను. అందప్పుడుండినవి నాలుగే సెక్షనులు. మొదటిది పేరును, వర్తించు ప్రదేశమును చెప్పును. రెండవది ప్రభుత్వమునకు అవసరమని తోచిన నిబంధనలెల్ల చేయుటకు అధికారమిచ్చును. మూడవది మీరినవారికి శిక్ష చెప్పును. నాలుగవది సద్భావముతో పనిచేసిన యుద్యోగులపై దావా పడకుండ కాపాడును. రోగికి గాని, రోగి యింటివారికి గాని గల హక్కును గూర్చి ఒక్క మాటయు లేదు. తెనిగించువానికి ఇంత సుఖమైన చట్టము వేరొకటి దొరకదు; తెనుగున ఒక పుట నిండదు.

ఆ సంవత్సరమే పూనాలో ర్యాండు అను దొర అధ్యక్షుడుగ ప్లేగు కమిటీ యేర్పడెను. తెల్ల సోల్జర్లు వీధివీధిని ఇండ్లు సోదా చేసిరి. జ్వరము గలవారిని ఆసుపత్రికిని, వారి యింటివారిని వేరు శిబిరములకును తరలించిరి. సామానులు తగులబెట్టిరి. పూజగదులలోనికి సయితము చొరబడిరని జనులు మొఱపెట్టుకొనిరి. రైలు దిగినవారికి చంకలను, గజ్జలను తడవి గడ్డలు వెదకు పరీక్ష జరిగెను. ఆడువారికిని అది తప్పలేదు. జూను 22-వ తేదీ రాత్రి ర్యాండు కాల్పబడి, జూలై మొదట మరణించెను. చాపేకరు సోదరులు ఉరితీయబడిరి. తిలకుగారు కేసరిలోని వ్రాతలకు పదునెనిమిది నెలల శిక్ష పొందిరి.

ఇది రాజకీయ చరిత్ర, మీరెరిగినదే. ఆరోగ్యశాఖవారు చూడవలసిన దింకొకటి కలదు. జనులు రోగులను దాచిరి. అటకలమీద దాచిరి, బంధువుల యిండ్ల దాచిరి. చచ్చినవారిని గుట్టుచప్పుడు కాకుండ సాగనంపిరి. వేలకొలది కుటుంబములు పట్టణములు విడిచి పారిపోయి రోగమును వెంట గొనిపోయినవి. ఎక్కడ ఎందరు పడిరో లెక్క తెలియనప్పుడు ఏ అధికారి మాత్రము ఏమి చేయగలడు? సోదా ఎంత కఠినమాయెనో రోగము అంత లోతునకు పోయెను. నేనీ దినమున చెప్పదలచినదెల్ల ఈ దాచుటను గూర్చియే. అంటురోగముల విషయమున ప్రభుత్వమునకు అన్నిటికంటె ముందు కావలసినది సమాచారము. అది జనులు తమంతట తామిచ్చిననే దొరకును. భయపడినవాడు ఈయడు.

అంతకంటె విషాదకరమైన సంగతి మఱొకటి. ఎలుకల వెండ్రుకలలో దాగి నెత్తురు పీల్చు చిన్న పురుగువలన ప్లేగు వ్యాపించునని ఫ్రెంచి వైద్యుడగు సిమండు 1898-లో కరాచీలో కనిపెట్టెను. 1905 మొదలు పనిచేసిన ప్లేగు పరిశోధక సంఘమువారు దానిని స్థిరపరచిరి. అనగా 1897-లో అంత బలవంతముగ మనుష్యులను కదల్చినవారు ఎలుకలను ఇంటనే విడిచిపెట్టిరి! అటు తరువాత బళ్లారి, అనంతపురము ప్రాంతములందును, హైదరాబాదు రాజ్యమునందును ఎలుకలు పడుచున్నవని వినినంతనే ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి, చేలలో పాకలు వేసికొని నెలలు గడపుట వాడుక యాయెను. ఆ పల్లెవారు చేసినదే శాస్త్రమునకు దగ్గరగ నుండెను. నిర్బంధించువాడు తనకు తెలిసినది కొంచెమేనని యెరిగి నిర్బంధింపవలెనని దీనినిబట్టి నేను గ్రహించితిని.

పూనా ఇండ్ల సోదా జరిగిన మరుసటి సంవత్సరమే, ఆ రాణీగారి ప్రభుత్వమే, ఇంగ్లండులో ఏమి చేసెనో చూడుడు. అక్కడ 1853-వ సంవత్సరపు చట్టముచే పసిపిల్లలకు మశూచికపు టీకా నిర్బంధమాయెను. 1867-లో జుల్మానాలు గట్టిపడెను. పేద తల్లిదండ్రులు జుల్మానా చెల్లింపలేక సామానులు పోగొట్టుకొనిరి, జైళ్లకు పోయిరి. 1885-లో లెస్టరు పట్టణమున వేలకొలది జనులు ఊరేగిరి. రాయలు కమిషను 1889 మొదలు ఏడేండ్లు విచారించెను. తుదకు 1898-వ సంవత్సరపు చట్టములో, టీకా హానికరమని మనఃపూర్వకముగ నమ్ము తండ్రి మేజిస్ట్రేట్లయెదుట ఆ మాట చెప్పి మినహాయింపు పొందవచ్చునని వ్రాసిరి. 1907-లో అది ఇంకను సులభమాయెను. మన దేశపు 1880-వ సంవత్సరపు టీకాల ఆక్టులో అట్టి వాక్యము లేదు. పిల్లవానికి జబ్బు చేసినచో వాయిదా, టీకా ఎత్తకపోయినచో మినహాయింపు, అంతియే. మనస్సాక్షి యనునది ఓడ యెక్కి యిటు రాలేదు కాబోలు.

లెస్టరువారిని నేను మెచ్చుకొనునది టీకాను వలదన్నందుకు గాదు. టీకా గొప్ప మేలు చేసినదనుటలో నాకు సందేహము లేదు. వారు టీకాను వలదనిరి గాని రోగమును దాచలేదు. ఇంట మశూచికము కనబడినంతనే కబురు చేసిరి; రోగి ఆసుపత్రికి పోయెను; రోగితో మెలగినవారు వేరుగ నుండిరి; ఇల్లు శుభ్రపరచబడెను. నిరాకరించువాడు అందుకు బదులుగ ఏమి మోయవలెనో వారు చూపిరి. సూది వలదనుటకు హక్కున్నంత మాత్రమున, రోగమును బజారునకు గొనిపోవుటకు హక్కు లేదు.

ఇక ప్రభుత్వము మోయవలసినదేమి? దీనికి ములకోవాలు అను పంజాబు గ్రామము సాక్ష్యము చెప్పును. హాఫ్కిను పండితుడు బొంబాయిలో ప్లేగు మందును తయారుచేసి, 1897 జనవరి 10-వ తేదీన మొదట తన దేహముననే పొడిపించుకొనెను. తరువాత బైకల్లా జైలులోని ఖైదీలకు, వారి యిష్టముమీదనేయని, వేసిరి. ఖైదీ యిష్టమెట్టిదో మీరే యోచింపుడు. మందు మంచిదే. ఎందరినో బ్రతికించెను. 1902 అక్టోబరు 30-వ తేదీన ములకోవాలులో 107 మందికి సూదులు వేసిరి. ఒక సీసాలోని మందు పడిన పందొమ్మండుగురు ధనుర్వాతముచే మరణించిరి. మిగిలిన సీసాలవారికి ఏమియు కాలేదు. ఆ సీసా మూత విప్పునపుడు సహాయకుని చేతి పటకారు నేల పడెననియు, దానిని సరిగ శుద్ధిచేయక వాడిరనియు విచారణలో తేలెను. ఐనను నింద హాఫ్కినుపై పడెను. ఉద్యోగము పోయెను. 1907-లో రొనాల్డు రాసు మొదలగు శాస్త్రజ్ఞులు లండను టైమ్సు పత్రికలో వ్రాసి ఆయన నిర్దోషియని చాటువరకు ఆ మచ్చ పోలేదు.

హాఫ్కిను కథను అందఱును చెప్పుదురు. ఆ పందొమ్మండుగురి యింటివారి కథ నాకెక్కడను కనబడలేదు. ఊరి మేలుకొఱకు చేయి చాచి ప్రాణము పోగొట్టుకొన్నవారు వారు. సూదికి నెవ్వరు భయపడినను "మూఢత్వము" అని వ్రాయుట సులభమే. ములకోవాలు తరువాత భయపడినవానిని మూఢుడనుట న్యాయమా? 1907-లో పంజాబున ప్లేగువలన ఆరు లక్షలమందికి పైగా మరణించిరి. అందెందరు ఆ భయముచే సూదిని వలదనిరో ఎవరును చెప్పలేరు. తప్పు జరిగినప్పుడు వెంటనే ఒప్పుకొని, లెక్క బయటపెట్టి, నష్టపోయినవారి గుమ్మములోనికి పోయి కూర్చుండు ప్రభుత్వమునకే మరల చేయి చాపుమని యడుగు ముఖముండును.

ఇంతవరకు నా వాదము నిర్బంధమునకు ప్రతికూలముగ నడచినది. దానికి అడ్డువచ్చు నిదర్శనమును దాచుట నాకు తగదు. 1974-లో బీహారున మశూచికము విజృంభించెను. ఆ యేడు జనవరి మొదలు మే వరకు దేశమున పదునైదువేలమందికి పైగా మరణించిరి. ప్రపంచారోగ్యసంస్థవారును మనవారును కలిసి ఇంటింట వెదకి, రోగి యింటికి కావలి పెట్టి, చుట్టుప్రక్కలవారి కందఱికిని టీకాలు వేసిరి. ఆ పనిలో కొన్నిచోట్ల బలవంతము జరిగెను. సింగుభూము జిల్లాలో హో జాతివారి పల్లెలో ఒక పెద్ద టీకా ఒల్లననెను. నడిరేయి తలుపు విరుగగొట్టి, పెనుగులాడుచున్న ఆతనికిని, ఆతని భార్యకును పట్టుకొని వేసిరి. ఆ పని చేసిన బృందమున నున్న బ్రిలియంటు దంపతులే తరువాత ఈ సంగతిని గ్రంథస్థము చేసిరి. పెనుగులాట ముగిసినవెనుక ఆ గృహస్థు తన పెరటిలోని దోసకాయ కోసి తెచ్చి వైద్యుని చేతికిచ్చెనట. రోగమిచ్చుటయు మానుటయు దైవాధీనమని తాను నమ్మెననియు, అడ్డుకొనుట తన ధర్మమైనట్లే వేయుట మీ ధర్మమనియు, పోరు ముగిసినది గనుక ఇక మీరు నా యింటి యతిథులనియు ఆతని భావము.

నేను దీనిని చదివిన రాత్రి చాలసేపు నిద్రపట్టలేదు. 1975 మే మాసముతో మన దేశమున మశూచికము ముగిసెను. 1980-లో లోకమున లేదని ప్రకటించిరి. ఇక ఏ తల్లియు వేపమండలు కట్టిన గదిలో బిడ్డప్రక్కన కూర్చుండి అమ్మవారికి మ్రొక్కనక్కరలేదు. ఆ తలుపు విరుగగొట్టుట తప్పని నేను ఖండితముగ చెప్పజాలను. ఒప్పనియు చెప్పజాలను. ఒక్కటి మాత్రము చెప్పగలను. మశూచికమును తుదముట్టించినది విరిగిన తలుపులు గావు. ఎక్కడ రోగి యున్నాడో చెప్పిన జనులవలన ఆ పని యాయెను. చెప్పినవారికి బహుమానము ప్రకటించిరి. అది పెరిగి పెరిగి వేయి రూపాయల వరకు పోయెను. బడిపిల్లలు, సంతకు వచ్చినవారు, బిచ్చగాండ్రు సయితము కబురు తెచ్చిరి. పూనాలో సోల్జరునకు దొరకనిది బీహారున ఈ కబురువలన దొరకెను.

పైగా, బలవంతము ఒకచోట ఫలించినచో అచ్చటనే యాగునా? అమెరికాలో జాకబ్సను అను మతబోధకుడు మశూచికపు టీకా వేయించుకొననన్నందుకు విధించిన ఐదు డాలర్ల జుల్మానాను అక్కడి సుప్రీముకోర్టు 1905-లో స్థిరపరచెను. గమనింపుడు: జుల్మానాయే గాని పట్టి పొడుచుట గాదు. 1927-లో అదే కోర్టు ఆ తీర్పునే ఆధారముగ చూపి, మందబుద్ధియని ముద్రవేయబడిన యొక స్త్రీకి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయుటను సమ్మతించెను. టీకాకై తెరచిన ద్వారమున కత్తి ప్రవేశించెను. మన దేశమున 1976-77 లో జరిగిన కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు ఎనుబది లక్షలకు మించెను. ఎందరిని లెక్కలకొఱకు లాగుకొనిపోయిరో మన పెద్దలకు జ్ఞాపకమే. కుష్ఠరోగులను నిర్బంధించు 1898-వ సంవత్సరపు ఆక్టు, 1980-లనాటికే మందులతో రోగము నయమగుచున్నను, 2016 వరకు పుస్తకములో నిలిచియుండెను. శాస్త్రము మారినను నిర్బంధము తనంతట తాను లేచిపోదు.

2022 మే 2-వ తేదీన మన సుప్రీముకోర్టు న్యాయమూర్తులు లావు నాగేశ్వరరావుగారును, గవాయిగారును కోవిడు టీకా వ్యాజ్యమున చెప్పిన తీర్పు ఈ చరిత్రనంతయు వెనుక నిడుకొని చదువదగినది. దేహముపై గల అధికారము రాజ్యాంగపు 21-వ అధికరణములో చేరియున్నదనియు, ఎవరికిని బలవంతముగ టీకా వేయరాదనియు తీర్పిచ్చిరి. అయితే సమాజరక్షణకై ప్రభుత్వము నిబంధనలు విధింపవచ్చుననియు, అవి చట్టబద్ధములై, తగిన ప్రయోజనమునకై, ఆ ప్రయోజనమునకు మించక యుండవలెననియు చెప్పిరి. టీకా లేనివారివలన వ్యాప్తి హెచ్చని చూపు ఆధారములు తమ ముందు పెట్టబడలేదు గనుక, అప్పటికి రాష్ట్రములు విధించిన అడ్డంకులు మితిమీరినవనిరి. టీకాలవలన కలిగిన బాధలను జనులు, వైద్యులు తెలియజేయుటకు వీలు కల్పింపుమని ఆజ్ఞాపించిరి. ఈ చివరి మాటను పత్రికలు అంతగ పట్టించుకొనలేదు. నాకు మాత్రము అది ములకోవాలునకు నూట ఇరువది యేండ్లకు వచ్చిన జవాబువలె తోచెను.

తీర్పు పెద్దల దేహములను గూర్చినది. పిల్లల మాట వేరు. తండ్రి తన చేతిని తాను కాపాడుకొనుట ఒకటి, బిడ్డ చేతికి తానే యడ్డుపడుట ఒకటి. బిడ్డ తండ్రి సొత్తు గాదు. ప్రభుత్వపు సొత్తును గాదు. తట్టు వ్యాపించిన యూరిలో టీకా లేని పిల్లవానిని కొన్ని వారములు బడికి రావలదనుట నాకు న్యాయముగనే కనబడుచున్నది. ఇంట కూర్చున్న దినములకు ఆ పిల్లవానికి బడిభోజనము ఇంటికి చేరవలెను. కూలి మానుకొని కావలియున్న తల్లికి కూలి చేరవలెను. క్షయరోగులకు ఆహారమునకై 2018 మొదలు నెలకు 500 రూపాయలును, 2024 నవంబరు మొదలు 1000 రూపాయలును ఇచ్చుట మనకు తెలిసినదే. ఊరికొఱకు వేరుగ నుండుమన్నవానిని పస్తుండుమనరాదు.

ముగించుటకు ముందు ఒక ఫారము సంగతి మనవి చేసెదను. ఏ ఊరో చెప్పను. పిల్లలకు టీకాలు వేయు సందర్భమున, వలదన్న యిండ్లను వ్రాసికొనుటకై ఒక రిజిస్టరు ఏర్పరచిరి. కారణము అను శీర్షికక్రింద మూడు గళ్లు: మూఢనమ్మకము, వదంతి, ఇతరము. తెనిగించినవాడను నేనే. కొన్నాళ్లకు నింపిన పుటలు నా బల్లమీదికి వచ్చెను. ఒక తల్లి పేరునకెదుట "ఇతరము" అను గడిలో గీత యుండెను; అంతకుమించి వ్రాయుటకు చోటు లేదు. ఆ యూరి నర్సమ్మగారిని విచారింపగా, ఆమెయు తరువాత పోయి తెలిసికొన్న సంగతి చెప్పెను. రెండేండ్ల క్రిందట పెద్దబిడ్డకు సూది వేసిన రాత్రి జ్వరము వచ్చి, మూర్ఛ వచ్చెనట. తల్లి తెల్లవారువరకు ఒడిలో పెట్టుకొని కూర్చుండెనట. మరునాడు గాని, ఆ నెలలో గాని, అటు తరువాత గాని ఎవరును వచ్చి అడుగలేదట. "అప్పుడు రానివారు ఇప్పుడు వచ్చిరేమమ్మా?" అని ఆ తల్లి యడిగెనట.

నర్సమ్మగారు ఆనాటి ఆసుపత్రి చీటీలు అడిగి తీసికొని వైద్యునికి చూపిరి. జ్వరముతో పసిపిల్లలకు వచ్చు మూర్ఛయనియు, బిడ్డకు శాశ్వతమైన హాని కలుగలేదనియు ఆయన చెప్పి, తానే యింటికి పోయి తల్లితో మాటలాడిరి. చిన్నబిడ్డకు ఆ దినముననే వేయుమని వారడుగలేదు. మూడు వారములకు ఆమెయే బిడ్డను తీసికొని కేంద్రమునకు వచ్చెను. రెండు సూదులు వేయించెను. మూడవదానికి ఇంకను ఆలోచించెదననెను. నర్సమ్మగారు మంచిదనిరి, జ్వరము వచ్చినచో రాత్రియైనను పిలువుమని తన ఫోను నంబరు వ్రాసి యిచ్చిరి.

ఆ ఫారమును మరల అచ్చువేయుటకు నా యొద్దకు పంపినప్పుడు మూడు గళ్లును కొట్టివేసి, "వారు చెప్పిన మాటలు" అని వ్రాసి, దానిక్రింద అరపుట ఖాళీ విడిచితిని. మార్పు ఆమోదింపబడినదో లేదో ఇంకను జవాబు రాలేదు.